గెలుపుగారి అద్దె

1వ తేదీ, సోమవారం. ఉదయం.

నిర్ణయించుకున్నాను. ఈ నెల ముగిసేలోగా పై వాటా అద్దె బాకీ వసూలు చేస్తాను. లేదా పై వాటా ఖాళీ చేయిస్తాను. మూడో మాట లేదు!

నేనేమీ చేతకాని మనిషిని కాను. పళ్ళ ఆసుపత్రిలో డబ్బు కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుంటున్నాను. బుగ్గ బంతిలా వాచి, మాట రాక సైగలు చేసే మనిషి చేత కూడా ముందు ఫీజు కట్టించి, ఆ తర్వాతే లోపలికి పంపిస్తాను. మా డాక్టరు పన్ను పీకేముందు మత్తు సూది వేస్తాడు. నేను డబ్బు పీకేముందు అది కూడా వేయను.

అలాంటి నా నెత్తిమీద, అక్షరాలా నెత్తిమీద, ఐదు నెలలుగా అద్దె కట్టకుండా ఒక పెద్దమనిషి కాపురం ఉంటున్నాడు.

ఆయన వృత్తి: జనానికి గెలవడం నేర్పించడం. మా మెట్ల మొదట్లో, నా గోడకు, నన్నడక్కుండా మేకు కొట్టి బోర్డు తగిలించాడు. "గెలుపు మెట్లు. మీలో నిద్రపోతున్న విజేతను లేపండి!" మెట్లు నావి. గెలుపు ఎవరిదో ఇంకా తేలలేదు. అందుకే ఇంట్లో ఆయనకు గెలుపుగారని పేరు పెట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంటద్దే గెలవలేదు, రచ్చకు పాఠాలు చెబుతున్నాడు.

నియమాలు రాసుకున్నాను.

పైకి వెళ్తే కూర్చోకూడదు.
కాఫీ ఇస్తే తాగకూడదు.
"పరవాలేదులెండి" అన్న మాట నోట రాకూడదు.

మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. ఒక్క పొల్లు జారినా పట్టేసే కళ్ళు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కళ్ళకు ఏ తప్పూ ఆనదు.

"పాపం, ఏ ఇబ్బందుల్లో ఉన్నాడోనే" అన్నారు.

"ఇబ్బందుల్లో ఉన్నది మనం. ఈ ఇల్లు కట్టిన అప్పుకి నెలనెలా వాయిదా కట్టేది ఆ అద్దెతోనే. గుర్తుందా?"

గుర్తున్నట్టు తలూపి, పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సాయంత్రం.

పైకెళ్ళాను. ఆవిడ తలుపు తీసింది. గెలుపుగారి భార్య. పొదుపుగా మాట్లాడే మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ ఆయనే వాడేస్తే ఇక ఆవిడకేం మిగులుతాయి?

"ఆయన బయటికెళ్ళారక్కా."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది.

"మరి ఆ దగ్గెవరిదమ్మా?"

ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "బయటికెళ్ళారని చెప్పమన్నారక్కా" అంది.

అబద్ధం కూడా సరిగ్గా ఆడలేని మనిషిని ఏమని దులుపుతాం? దిగి వచ్చేశాను. పరవాలేదు, ఇంకా మొదటి రోజే. (ఆ మాట పైన అనలేదు. ఇక్కడ రాశాను. ఇది లెక్కలోకి రాదు.)

3వ తేదీ, బుధవారం.

పట్టుకున్నాను!

పొద్దున్నే మెట్లు దిగుతూ దొరికాడు. మెరిసే బూట్లు, కోటు, జేబులో ఎర్ర రుమాలు. అద్దె ఎగ్గొట్టేవాడు ఇస్త్రీ మాత్రం ఎగ్గొట్టడు.

"అద్దె సంగతేం చేశారు?"

కళ్ళు మూసుకున్నాడు. ఏదో అపశ్రుతి విన్నవాడిలా తల అడ్డంగా ఊపాడు.

"లేదు వదినగారూ. ఇందులో బలం లేదు."

"దేన్లో?"

"మీ గొంతులో. 'సంగతేం చేశారు' అంటే ఎదుటివాడికి తప్పించుకునే సందు దొరుకుతుంది. సూటిగా రావాలి. భుజాలు వెనక్కి. గడ్డం పైకి. 'నా అద్దె నాకివ్వండి' అనండి."

"నా అద్దె నాకివ్వండి."

"గొంతులోంచి కాదు. కడుపులోంచి!"

"నా అద్దె నాకివ్వండి!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"అద్భుతం! చూశారా మీలో ఎంత శక్తి దాగుందో? ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా మీకు?"

చప్పట్లు కొట్టి, నా చెయ్యి పట్టుకుని ఊపి, చకచకా నడిచి వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అద్దె చేతికి రాలేదన్న సంగతి ఆసుపత్రికి వెళ్ళే బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. ఇంట్లో చేరిన కొత్తలో ఈయనకు నేను ఓనరుగారిని. మొదటి నెల అద్దె ఆగగానే మేడంని అయ్యాను. మూడో నెలకి వదినగారు. బాకీ పెరిగేకొద్దీ చుట్టరికం దగ్గరవుతోంది. ఇంకో రెండు నెలలు ఆగితే "అమ్మా" అని కాళ్ళకి చుట్టుకుంటాడు.

5వ తేదీ, శుక్రవారం.

మాటలతో లాభం లేదు. నోటీసు!

నిన్న కూర్చుని రాశాను. "ఐదు నెలల అద్దె బాకీ వారంలోగా చెల్లించనిచో ఇల్లు ఖాళీ చేయవలెను." కత్తిలాంటి వాక్యం. మా ఆయనకిచ్చి, ప్రెస్సులో అచ్చు వేయించి పై వాటా తలుపు సందులోంచి వేసి రమ్మన్నాను. బుద్ధిగా వేసి వచ్చారు.

ఇవాళ గెలుపుగారి నుంచి ఆ నోటీసు తిరిగొచ్చింది. అడుగున ఎర్ర సిరాతో రాసి ఉంది: "చక్కని భాష. అభినందనలు!"

భాషేమిటా అని పైన చదివాను. "ఐదు నెలల అద్దె బాకీని తమ వీలు వెంబడి చెల్లించగలరని మనవి. ఇట్లు, మీ శ్రేయోభిలాషులు."

"ఏమిటండీ ఇది?"

"కొంచెం కరుకుగా అనిపిస్తే దిద్దాను. 'ఖాళీ చేయవలెను' అన్నచోట వాక్యం కుదర్లేదు."

"వాక్యం కుదర్లేదా? మీ మనసు కుదర్లేదా?"

"రెండూను" అన్నారు.

ముందటి పన్ను ఊడిపోయిన దగ్గర్నుంచీ మా ఆయన నవ్వితే చిన్నపిల్లాడిలా ఉంటారు. తిట్టబుద్ధి కాదు. అదొక సౌకర్యం ఆయనకి.

8వ తేదీ, సోమవారం.

అద్దె వచ్చింది!! ఒక నెలది!

గెలుపుగారు స్వయంగా కిందికి దిగి వచ్చి, కవరు రెండు చేతులతో అందించాడు. "మాటంటే మాటే వదినగారూ. మిగతాది కూడా దారిలో ఉంది" అన్నాడు. మా ఆయన కుర్చీలో కూర్చుని గోడ గడియారం వంక చూస్తున్నారు. రశీదు రాసిచ్చాను. "కృతజ్ఞతలతో" అని కూడా రాశాను. గెలిచినవాళ్ళు ఉదారంగా ఉండాలి.

మధ్యాహ్నం పనిలోంచి గంట అనుమతి అడిగి, బ్యాంకుకి వెళ్ళి పోయిన నెల వాయిదా కట్టేశాను. ఈ నెలది మాత్రమే మిగిలింది.

నా గొంతు పనిచేసింది. కడుపులోంచి వచ్చిన గొంతు! సాయంత్రం డాక్టరుకి చెబితే, "మీ దగ్గర ఎవరి పప్పులుడుకుతాయి?" అన్నాడు. ఉడకవు. ఎవరివీ ఉడకవు.

11వ తేదీ, గురువారం.

ఉడికాయి.

ఇవాళ డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ, "మీవారు పన్ను కట్టించుకోవడానికి మంగళవారం వస్తానన్నారు కదా, రాలేదేం?" అని అడిగాడు. ఆ పన్ను కోసం మా ఆయన ఆరు నెలలుగా టీ ఖర్చు కూడా తగ్గించుకుని దాచుకుంటున్నారు.

ఇంటికొచ్చి నిలబెట్టి అడిగాను.

"పన్ను డబ్బేదీ?"

"ఉంది."

"ఎక్కడుంది?"

"బ్యాంకులో."

"ఏ బ్యాంకులో?"

"సోమవారం నువ్వు వెళ్ళి కట్టొచ్చిన బ్యాంకులోనే."

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మా ఆయన పన్ను డబ్బు మెట్లెక్కి పైకి పోయింది. కోటు తొడుక్కుని కిందికి దిగింది. నా చేతిలో పడింది. దానికి నేను రశీదు రాసిచ్చాను. కృతజ్ఞతలతో!

"నువ్వు రోజూ అలా అరుస్తుంటే చూడలేకపోయానే. నీ సంతోషం కోసమే ఇచ్చాను" అన్నారు. పన్ను లేని సందులోంచి "సంతోషం" దగ్గర ఈల వచ్చింది. ఈల వేస్తూ క్షమాపణ అడిగే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. తేడా ఏమిటంటే ఇక్కడ అత్తా నేనే, దానం పట్టిందీ నేనే.

13వ తేదీ, శనివారం.

ఇవాళ పైకెళ్ళలేదు. కారణాలు ఉన్నాయి. వాన. నా మోకాలు. మెట్లు తడిగా ఉన్నాయి. పైగా శనివారం, ఎవరూ చేతిలో డబ్బు పెట్టుకోరు. సోమవారం పక్కాగా వెళ్తాను.

మా ఆయనతో మాట్లాడటం లేదు. ఆయన కూడా మాట్లాడటం లేదు, ఈల వస్తుందని.

15వ తేదీ, సోమవారం.

ఆసుపత్రిలో రద్దీ. అలసిపోయాను. అలసిన గొంతుతో అడిగితే బలం ఉండదని ఆయనే చెప్పాడుగా. రేపు.

16వ తేదీ, మంగళవారం.

తల కొట్టేసినట్టుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కౌంటరు ముందు వరస ఉంది. బుగ్గ వాచిన ఒక పెద్దాయన, "పీకాక కడతానమ్మా" అని బతిమాలుతున్నాడు. "ముందు ఫీజు. తర్వాతే కుర్చీ" అన్నాను. అంతలో ఫోను. బ్యాంకు నుంచి. ఎవరో అమ్మాయి, చాలా మర్యాదగా, ఈ నెల వాయిదా ఇంకా జమ కాలేదని చెప్పింది.

"వారంలో కట్టేస్తానమ్మా."

"పోయిన నెల కూడా వారమే అన్నారు మేడం."

"డబ్బు దారిలో ఉందమ్మా. అయినా నీ మాటతీరు ఎంత ముచ్చటగా ఉందో! ఇంత చిన్న వయసులో ఇంత ఓర్పు! నువ్వు చాలా పైకొస్తావు" అన్నాను.

అనేశాకే ఆ మాటలు ఎవరివో తెలిసింది. నేను కోటు వేసుకోలేదు. అంతే తేడా.

ఫోను పెట్టి తలెత్తేసరికి బుగ్గ వాచిన పెద్దాయన నన్నే చూస్తున్నాడు. "అయితే నేనూ... వాలంలో... ఇత్తానమ్మా" అన్నాడు. వరసంతా నవ్వింది.

ఆయన్ని లోపలికి పంపించేశాను. ఫీజు లేకుండా. ఇన్నేళ్ళలో మొదటిసారి.

17వ తేదీ, బుధవారం.

నిన్నటి మంట మీదే సాయంత్రం మెట్లెక్కాను. పైనుంచి గెలుపుగారి గొంతు ఉరుముతోంది. క్లాసు జరుగుతున్నట్టుంది. మంచిదే, శిష్యుల ముందే అడుగుదామనుకున్నాను. పరువు పోతుందని అయినా ఇస్తాడు.

"లేవండి! మీరు లేస్తే లోకం లేస్తుంది! మీరు చెప్పండి, మిమ్మల్ని ఆపుతున్నది ఎవరు?"

కిటికీలోంచి చూశాను.

రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ముందు వరసలో చివరి కుర్చీ వైపు వేలు చూపించి, జవాబు కోసం ఆగాడు. ఆగి, "బాగా చెప్పారు!" అన్నాడు. కుర్చీని మెచ్చుకున్నాడు! గది మూల ఆవిడ ఆయన రెండో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు. ఇదంతా ఆవిడకు రోజూ ఉండేదే కాబోలు.

చప్పుడు కాకుండా దిగి వచ్చేశాను. ఖాళీ కుర్చీలకు పాఠం చెప్పే మనిషిని అద్దె అడిగితే, ఆ కుర్చీలు కూడా నన్ను చీదరించుకుంటాయి.

కోపం మాత్రం తగ్గలేదు. కుర్చీలు కొనడానికి డబ్బెక్కడిది?

19వ తేదీ, శుక్రవారం.

పొద్దున్న నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గెలుపుగారి భార్య వచ్చింది. అడక్కుండానే బకెట్లోంచి దుప్పటి తీసి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం పిండాం. అద్దె గురించి గడువు అడుగుతుందని ముందే ముఖం బిగించుకున్నాను.

"అక్కా, మమ్మల్ని ఖాళీ చేయించండి" అంది.

దుప్పటి చేతిలోంచి జారిపోయింది.

"ఏమన్నావు?"

"గెంటెయ్యండి. నిజంగా అంటున్నా. మా అన్నయ్య పనిచేసే గోదాములో సరుకు లెక్క చూసే ఉద్యోగం ఒకటుంది. ఊరి చివర, రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. ఈయన కోసం నెలాఖరుదాకా ఆపించాడు. ఈయనేమో, 'విజేతకి గోదామా?' అంటారు. నెత్తిమీద కప్పు ఉన్నంతకాలం ఈయన కదలరక్కా. ఇది మాకు నాలుగో ఇల్లు. ప్రతిచోటా ఇంటివాళ్ళు మంచివాళ్ళే దొరికారు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు గట్టిగా తిట్టి బయటకి తోస్తే నా బతుకు ఎప్పుడో బాగుపడేది."

ఇంత పొడుగు మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

"మీరైతే చేయగలరక్కా. మీ ఆసుపత్రిలో మీ పేరు చెబితేనే హడలిపోతారటగా. రేపు రండి. నేను పక్కనే ఉంటా. ఆయన ఏం చెప్పినా వినకండి."

"సరే" అన్నాను. చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

ఇక నాకు అడ్డేముంది? ఇన్నాళ్ళూ నా అద్దె కోసం వెళ్ళాను. రేపు ఒక మనిషి కోసం వెళ్తున్నాను. రేపు చూపిస్తాను!

20వ తేదీ, శనివారం.

చూపించాను.

తలుపు తట్టాను. కూర్చోలేదు. భుజాలు వెనక్కి. గడ్డం పైకి. ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"నా అద్దె నాకివ్వండి. లేదా సోమవారానికి ఇల్లు ఖాళీ చెయ్యండి."

కడుపులోంచే వచ్చింది. కిటికీ రెక్క అదిరింది కూడా.

ఇంకా బలం కావాలంటాడని చూశాను. అనలేదు. ఇవాళ కోటు లేదు. బనీను మీద ఉన్నాడు. బనీనుకి భుజం దగ్గర చిరుగు. ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళమంటారు?" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. పిల్లి పిల్ల గొంతు. "నాకు ఇదొక్కటే వచ్చండీ. ఇంకేం రాదు. ఒకప్పుడు ఈ కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడేవారు. నిజంగా. దీన్ని అడగండి."

ఆవిడ నావంక చూసింది. వద్దు, వినద్దు అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు తెలిసింది. తెలిసీ...

"సరే, నెలాఖరుదాకా చూడండి" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పరవాలేదులెండి" అని కూడా అన్నాను. అని, ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మూడు నియమాల్లో రెండు ఒక్క నిమిషంలో గంగలో కలిశాయి. కాఫీ ఎవరూ ఇవ్వలేదు కాబట్టి మూడోది మిగిలింది.

ఆయన వెంటనే కళ్ళు తుడుచుకుని, "మీలో గొప్ప మనసుంది వదినగారూ!" అన్నాడు. గొంతు అప్పుడే కడుపులోకి దిగిపోయింది.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడు.

21వ తేదీ, ఆదివారం.

ఆవిడ వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఒక్క సంచీతో మెట్లు దిగింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఆయన్ని చూస్తే జాలేసిందమ్మా. ఏం చెయ్యను?"

ఆగింది. కోపం కూడా లేదు ముఖంలో.

"అందరికీ జాలేస్తుందక్కా. ఆ జాలికి అద్దె కట్టేది మాత్రం నేను."

సంచీ భుజం మార్చుకుని అన్నయ్యగారింటికి వెళ్ళిపోయింది.

అన్నం సహించలేదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది. నా మొహమాటానికి వేరేవాళ్ళ కాపురం ఖర్చయింది. అందరినీ చూసి వెక్కిరించడం నాకు బాగా వచ్చు. ఇవాళ ఆ నోరు ఎవరి మీద వాడాలో తెలియడం లేదు. అద్దం మీద వాడాను. అదీ నా మాట వినలేదు.

24వ తేదీ, బుధవారం.

పైనుంచి గొంతు వినిపించడం లేదు. ఇల్లంతా చెవులు మూసుకున్నట్టుంది.

మా ఆయన రెండు పూటలా కంచంలో అన్నం పెట్టుకుని పైకి తీసుకెళ్తున్నారు. కంచం నాది. అన్నం నాది. వండింది నేను. అద్దె కట్టనివాడికి భోజనం! ఇది ఇల్లా, సత్రమా? ఇవాళ చారులో ఉప్పు ఎక్కువైందని గెలుపుగారు అన్నాడట. మెల్లగా అన్నాడట, బాధపడకూడదని.

నిర్ణయం మాట రాయడానికి సిగ్గేస్తోంది. రాయను.

26వ తేదీ, శుక్రవారం.

మా ఆయనతో మాటలు మొదలయ్యాయి. ఆయనే మొదలుపెట్టారు.

"పైన అతనికి నిజంగానే ఇంకేం చేతకాదే. ఆ గొంతొక్కటే ఉంది."

"ఆ గొంతుని తాకట్టు పెట్టమనండి. ఎవరైనా తీసుకుంటారేమో."

మామూలుగా నేను వెటకారం చేస్తే ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఇవాళ పెట్టుకోలేదు. "అదే ఆలోచిస్తున్నా" అన్నారు. వాళ్ళ ప్రెస్సులోనే బస్సుల వేళల పట్టికలు అచ్చు వేస్తారు. బస్టాండులో మైకు మీద బస్సుల రాకపోకలు చెప్పే మనిషి పని మానేశాడని, కొత్తవాడి కోసం చూస్తున్నారని అక్కడి మేనేజరు చెప్పాడట.

"చెప్పి చూశారా?"

"చెప్పాను. 'వేల మంది ముందు మాట్లాడాల్సిన మనిషిని, బస్సుల పేర్లు చదవనా?' అన్నాడు."

కుక్క తోక వంకర. అనుకున్నదే.

28వ తేదీ, ఆదివారం.

ఆవిడ వచ్చింది! అన్నయ్యని వెంటబెట్టుకుని.

ముందు పైకి వెళ్ళలేదు. మా ఇంటికే వచ్చింది. నేను చూపించిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. నేనెలా నిలబడాలని రాసుకున్నానో సరిగ్గా అలాగే.

"ఆ గోదాము పనిలో నేను చేరానక్కా. సరుకు లెక్క చూడ్డానికి విజేతే అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. ఒకటో తేదీ నుంచి మీ పై వాటా నాకివ్వండి. కాగితం నా పేరు మీద రాయండి. ఇదిగో ఆ నెల అద్దె, అన్నయ్య సర్దితే ముందే ఇస్తున్నా."

"మరి ఆయన?"

"ఉంటే ఉంటారు. అద్దెలో సగం నాకు కట్టాలి. కట్టకపోతే నేను మీలా కాదు."

మా ఆయన దగ్గారు. నేను నేల చూపులు చూశాను.

"పాత బాకీ మాత్రం నాది కాదక్కా. ఆయనది. ఆయన దగ్గరే వసూలు చేసుకోండి. నేను అడ్డురాను."

అప్పుడు పైకి వెళ్ళింది. మేమందరం కింద చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఆవిడ గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. మధ్యలో గెలుపుగారు "నీలో ఇంత..." అని ఏదో మొదలుపెట్టాడు. "ముందు వినండి" అని ఆవిడ గొంతు. తర్వాత ఆయనది వినిపించలేదు.

కాసేపటికి గెలుపుగారు మెట్లు దిగి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. కోటు నలిగి ముద్దయింది. నా వైపు చూడలేదు. మా ఆయనతో, "అన్నయ్యగారూ, ఆ బస్టాండు మేనేజరు ఎన్నింటికి వస్తాడు?" అన్నాడు.

నెల రోజులు నేను కడుపులోంచి అరిచాను. ఆవిడ మామూలు గొంతుతో కాసేపు మాట్లాడింది.

30వ తేదీ, మంగళవారం.

గెలుపుగారిని పనిలో పెట్టుకున్నారు. మైకు ముందు ఒక్క వాక్యం చదవగానే, "రేపటి నుంచి రండి" అన్నారట. మైకులో చదవాల్సిన వాక్యాలన్నీ ముందే మా ఆయన దిద్ది ఇచ్చారట, తప్పు పోకుండా.

ఆవిడ ఇచ్చిన అద్దె తీసుకెళ్ళి బ్యాంకులో కట్టాను. ఆ మర్యాదగల అమ్మాయి ఫోను చేసి, "థ్యాంక్యూ మేడం" అంది. పొగడకుండా పెట్టేశాను.

1వ తేదీ, బుధవారం.

ఇవాళ ఆసుపత్రి నుంచి వస్తూ కావాలనే బస్టాండు వైపు వెళ్ళాను. బయట స్తంభం పక్కన నిలబడ్డాను. గరగరమని మైకు చప్పుడు. ఆ తర్వాత ఆ గొంతు.

"మూడవ ప్లాట్‌ఫారం మీది బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు త్వరపడండి!"

కడుపులోంచి వచ్చింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలేశారు. బెంచీల మీద కునుకు తీస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. మూటలెత్తుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని మూడో ప్లాట్‌ఫారం వైపు పరుగు తీశారు. ఆయన జన్మలో మొదటిసారి, ఆయన లేవమంటే మనుషులు లేచారు.

ఒక్క క్షణం నాక్కూడా పరుగెత్తాలనిపించింది. నిలదొక్కుకున్నాను.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇది రాస్తున్నాను.

నిర్ణయం. కొత్తది! పాత బాకీ అప్పుడు ఐదు నెలలది, గడిచిన నెలతో కలిపి ఆరైంది. అందులో ఒక నెలది మా ఆయన పన్ను. ఈ నెలాఖరున గెలుపుగారికి మొదటి జీతం వస్తుంది. అందిన సాయంత్రమే మొదటి భాగం వసూలు చేస్తాను, దాంతో ముందు మా ఆయనకి పన్ను కట్టిస్తాను. జాలి లేదు. వదినగారు లేదు. ఈసారి మెట్లెక్కడం కూడా లేదు, వీధి గుమ్మంలోనే నిలబడతాను.

ఆయన ఇంటికి తిరిగొచ్చే బస్సు ఎన్నింటికో ఆయన నోటే మైకులో విన్నాను. ఇంక ఎలా తప్పించుకుంటాడో చూస్తాను.